వాహన భారము – వేగము – వివేకము : ఒక పరిశీలన

ఆదివారము నాడు యాదగిరిగుట్ట ఘాట్ రోడ్డు ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూచినవారికి భౌతిక శాస్త్రములోని ఒక పాఠము పుస్తకము తెరువకుండగనే బోధపడును. హైదరాబాదు నుండి సుమారు 60 కిలోమీటర్లు వచ్చిన కార్లు కొండ మలుపుల వద్ద ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా ప్రవర్తించును. ఐదుగురు మనుషులతో, డిక్కీ నిండ సామానుతో ఉన్న కారు మూలుగుతూ చిన్న గేరులో ఎక్కును. దిగివచ్చునపుడు దాని బ్రేకుల నుండి కమురు వాసన వచ్చును. ఇద్దరే కూర్చున్న అదే రకము కారు అదే మలుపును సునాయాసముగా దాటిపోవును. ఇంజను ఒకటే, దారి ఒకటే, టైర్లు ఒకటే. భేదమంతయు బరువులోనే ఉన్నది.

మన కళాశాల విద్యార్థులలో మోటారు వాహనములపై మక్కువ గలవారు తక్కువేమీ కాదు. నిత్యము వాడుకొను చురుకైన కారును తేలిక పరచి, పందెపు బాటపై నడుపుటకు అనువుగా మార్చుకొనవచ్చునా అని వారు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు శాస్త్రము ఏమి చెప్పును, అనుభవము ఏమి చెప్పును, చట్టము ఏమి చెప్పును అను మూడు విషయములను ఈ వ్యాసములో వివరింపదలచినాము. ఇంటర్మీడియట్ స్థాయి భౌతిక శాస్త్రము తెలిసిన పాఠకులకు ఇందులో కఠినమైనది ఏదియు లేదు.

బరువు లెక్క

న్యూటన్ రెండవ గమన నియమము మనకు తెలిసినదే. ఒకే బలము ప్రయోగించినపుడు ద్రవ్యరాశి ఎంత తక్కువైన త్వరణము అంత ఎక్కువ. 1,000 కిలోల బరువు, 85 అశ్వశక్తి గల ఒక కారును ఉదాహరణగా తీసికొందము. దానిలో ఒక్కొక్క అశ్వశక్తి దాదాపు 11.8 కిలోలను లాగవలసి యున్నది. బరువును 900 కిలోలకు తగ్గించినచో ఆ వంతు 10.6 కిలోలకు దిగును. బరువు తగ్గింపకుండ ఇంజను శక్తిని పెంచి ఇదే ఫలితమును సాధింపవలెనన్న 9 అశ్వశక్తికి పైగా అదనముగా కావలెను.

అయితే ఈ రెండు మార్గములు సమానములు కావు. ఇంజను శక్తి పెంచుట ముందుకు దూకునపుడు మాత్రమే ఉపకరించును. బరువు తగ్గించుట దూకునపుడును, ఆగునపుడును, తిరుగునపుడును కూడ ఉపకరించును. గంటకు 100 కిలోమీటర్ల వేగములో 1,000 కిలోల కారు యొక్క గతిజ శక్తి సుమారు 3,86,000 జౌళ్ళు. 900 కిలోల కారుకు అది సుమారు 3,47,000 జౌళ్ళు. కారును ఆపునపుడు ఈ శక్తిలో అత్యధిక భాగము బ్రేకులలో వేడిగా మారవలసినదే. పందెపు బాటపై చుట్టుకు ఐదారు సార్లు గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చును. ప్రతిసారి మిగులు 39,000 జౌళ్ళు పది చుట్లలో ఎంత వేడియగునో విద్యార్థులే గుణించుకొనవచ్చును.

ఇచట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలెను. బరువు సగమైన ఆగు దూరము సగమగునని పలువురు తలతురు. అది నిజము కాదు. బ్రేకులు చల్లగా ఉండి, టైరు పట్టుయే హద్దుగా ఉన్నంతవరకు ఆగు దూరము వేగము యొక్క వర్గముపైనను, ఘర్షణ గుణకముపైనను ఆధారపడును. లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపుల కొట్టివేయబడును. తేలిక కారుకు గల మేలు మొదటి బ్రేకులో గాక, పదవ బ్రేకులో తెలియును.

తిరుగు భాగముల బరువు ఇంకను ముఖ్యమైనది. చక్రపు అంచున ఉన్న ఒక కిలో, కారుతోపాటు ముందుకు పోవుటయే గాక ఇరుసు చుట్టు తిరుగుచుండును. అందువలన దాని గతిజ శక్తి, సీటుపై ఉన్న కిలో యొక్క గతిజ శక్తికి దాదాపు రెట్టింపు. అంతేగాక చక్రము స్ప్రింగులకు దిగువన ఉండునది. అది ఎంత తేలికయైన గతుకులపై టైరు అంత బాగుగా నేలను అంటియుండును. నాణ్యమైన తేలిక చక్రములు సంపాదించుట ఈ పనిలో మొదటి మెట్టని అనుభవజ్ఞులు చెప్పుట ఇందువలననే.

తేలికదనపు చరిత్ర

నిత్యజీవితపు కారును పందెమునకు మలచుట క్రొత్త ఆలోచన కాదు. ఇంగ్లండుకు చెందిన కాలిన్ చాప్‌మన్ 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును తీసికొని, దాని పైకప్పెలను మార్చి తన తొలి లోటస్‌ను నిర్మించినాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఆతని సిద్ధాంతమునకు నిలువెత్తు నిదర్శనము. చిన్న ఇంజను, సన్నని ఉక్కు గొట్టముల చట్రము, అవసరము లేనిది ఒక్కటియు లేని నిర్మాణము దాని లక్షణములు.

1959లో సామాన్య కుటుంబముల కొరకు తయారైన మినీ కారునకు జాన్ కూపర్ 1961లో పందెపు రూపము కల్పించినాడు. ఆ బుల్లి కారు 1964, 1965, 1967 సంవత్సరములలో మోంటే కార్లో ర్యాలీని గెలిచి పెద్ద ఇంజన్ల కార్లను వెనుకకు నెట్టినది. 1972లో పోర్షే సంస్థ తన 911 కారేరా ఆర్.ఎస్. కారులో పలుచని ఉక్కు రేకును, పలుచని అద్దములను వాడి, సౌకర్యములను తగ్గించి, దాని తేలిక రూపమును 960 కిలోలకు దించినది. అదే కారు యొక్క సౌకర్య రూపము బరువు 1,075 కిలోలు. తయారీదారుడు స్వయముగా పూనుకొనిన పనిలో కూడ లాభము 115 కిలోలేయని గమనింపవలెను. షెడ్డులో పానా పట్టి పనిచేయువాడు అంతకన్న తక్కువతో తృప్తిపడవలసి యుండును.

మన దేశములో ఈ విద్యకు పుట్టినిల్లు మద్రాసు అనవచ్చును. 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆధ్వర్యమున షోలవరము పాత విమానాశ్రయపు బాటపై పందెములు జరిగెడివి. ఫియట్, హెరాల్డ్ వంటి ఇంటి కార్లే సీట్లు, తివాచీలు తీసివేయబడి అచట పరుగెత్తినవి. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల శాశ్వత బాట వెలసినది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 యొక్క 796 ఘనపు సెంటీమీటర్ల చిన్న ఇంజనుతోనే ఒంటి సీటు పందెపు కార్లను నిర్మించి, సామాన్య యువకులకు ఈ క్రీడను అందుబాటులోనికి తెచ్చినాడు. ఆయన 1995లో మరణించగా, 2003లో కోయంబత్తూరు సమీపమున ఆరంభమైన బాటకు ఆయన పేరు పెట్టినారు.

మన హైదరాబాదునకు కూడ ఇందులో స్థానమున్నది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరమున సుమారు 2.8 కిలోమీటర్ల వీధి బాటపై విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పోటీ జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు జ్యాన్ ఎరిక్ వెర్న్ విజేత. 2024లో జరుగవలసిన రెండవ పోటీ రద్దయినది. ఆ కార్ల కనీస బరువు చోదకునితో సహా 840 కిలోలని నియమము. బరువైన బ్యాటరీ మోయు కారును కూడ అంతకు దించినారన్న, నిర్మాతలు ప్రతి గ్రామును ఎట్లు లెక్కించిరో ఊహింపవచ్చును.

ఏమి తీయవచ్చును, ఏమి తీయరాదు

మన ప్రాంతపు షెడ్లలో ఉర్దూ, తెలుగు రెండును కలిసి వినవచ్చును. ఉస్తాద్ ఒక భాషలో చెప్పిన పనిని శిష్యుడు మరొక భాషలో బదులిచ్చి చేయును. అట్టి ఒక వృద్ధ ఉస్తాద్ మాతో చెప్పిన మాట ఈ విషయమునకు సూత్రప్రాయముగా ఉన్నది. పానా పట్టక ముందు బండిని కాంటా ఎక్కించవలెనని ఆయన అన్నాడు. ఇది శాస్త్ర సమ్మతమైన సలహా. ధర్మకాంటపై మొదట కారు మొత్తమును, పిదప ముందు చక్రములను మాత్రమే, ఆ తరువాత వెనుక చక్రములను మాత్రమే నిలిపి తూచినచో బరువు ఎంత గలదో, అది ఎచట గలదో రెండును తెలియును.

సాధారణముగా తీయదగిన వస్తువులు, వాని ఉజ్జాయింపు బరువులు ఇట్లుండును. వెనుక సీటు 20 కిలోలు. స్టెప్నీ, జాకీ, పనిముట్లు 18 కిలోలు. తివాచీలు, శబ్దమును అణచు పొరలు 20 కిలోలు. ఎయిర్ కండిషనరు సామగ్రి 22 కిలోలు. లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో తూగును గనుక, నిండు ట్యాంకుకు బదులు సగము పోసినచో 15 కిలోలు. మొత్తము 95 కిలోలు.

ఇంతవరకు చదివి సంతోషపడువారు మిగిలిన సగమును కూడ చదువవలెను. పందెపు బాటపై కారు బోర్లపడిన ప్రాణము కాపాడునది లోపల అమర్చిన ఉక్కు గొట్టముల పంజరము. దాని బరువు సుమారు 30 కిలోలు. అనగా నికర లాభము 65 కిలోలు మాత్రమే. మన ఉదాహరణ కారు 935 కిలోల వద్ద ఆగును. మొదటి లెక్కలోని 100 కిలోలు అంత సులభముగా చిక్కవు. ఇక చోదకుడు తాను కూడ ఒక భారమేయని మరువరాదు. ఐదు కిలోల ఇనుము తీయించుటకు వేలు ఖర్చు చేయువాడు, ఉదయము నడకతో తన పొట్ట నుండి అంతే బరువును ఉచితముగా తగ్గించుకొనవచ్చును.

తీయరానివి కూడ కలవు. తలుపుల లోపలి అడ్డు కమ్ములు, బంపరు వెనుక దూలము, సీటు బెల్టులు బిగించు స్థానములు కారు యొక్క ఎముకలు. వానికి రంధ్రములు వేయుట, కోయుట ఆత్మహత్యా సదృశము. గాలి సంచి గల స్టీరింగును తీసి చిన్న స్టీరింగు పెట్టుటయు, రోడ్డుపై తిరుగు కారునకు తగదు. ఉక్కు పంజరము కూడ శిరస్త్రాణము ధరించి, పలు పట్టీల బెల్టుతో కూర్చున్నవానికే రక్షణ. ఒట్టి తలతో రోడ్డుపై పోవువానికి చిన్న ఢీకొట్టుటలో ఆ గొట్టమే శత్రువగును.

మలుపులో జరుగునది

25 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును ఊహింపుడు. పొడి రోడ్డుపై ఘర్షణ గుణకము 0.8 అనుకొనిన, జారకుండ తిరుగగల గరిష్ఠ వేగము సెకనుకు 14 మీటర్లు, అనగా గంటకు దాదాపు 50 కిలోమీటర్లు. వానలో గుణకము 0.4కు తగ్గిన ఆ హద్దు గంటకు 36 కిలోమీటర్లకు పడిపోవును. ఈ లెక్కలో కూడ ద్రవ్యరాశి కొట్టివేయబడును. అట్లయిన తేలిక కారు మలుపులో ఎందుకు మేలు?

సమాధానము టైరు స్వభావములో ఉన్నది. టైరుపై భారము పెరిగిన కొలది దాని పట్టు పెరుగును గాని, అదే నిష్పత్తిలో పెరుగదు. కావున తక్కువ భారము మోయు టైరు తన వంతుకు కొంత ఎక్కువ పట్టు నిచ్చును. మలుపులో లోపలి చక్రముల భారము వెలుపలి చక్రములకు మారును. 1,000 కిలోల కారు, గురుత్వ కేంద్రము నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రముల మధ్య వెడల్పు 145 సెంటీమీటర్లు అయిన, పై మలుపులో సుమారు 300 కిలోల భారము అటు మారును. కారు 900 కిలోలై, కేంద్రము 50 సెంటీమీటర్లకు దిగిన, ఆ మార్పు 250 కిలోలకు తగ్గును. నాలుగు టైర్లు పనిని సమముగా పంచుకొనుటకు ఇదియే మార్గము.

ఇచటనే ఒక చిక్కు దాగియున్నది. ముందు చక్రములతో నడుచు కార్లలో బరువు ముందే ఎక్కువ. ముందు 600, వెనుక 400 కిలోలున్న కారులో వెనుక సీటు, స్టెప్నీ, సగము పెట్రోలు కలిపి 53 కిలోలు వెనుక నుండియే పోయినవనుకొందము. ముందు భాగపు వంతు 60 శాతము నుండి 63 శాతమునకు పెరుగును. వెనుక స్ప్రింగులు భారము తగ్గి పైకి లేచును. వెనుక చక్రములు బ్రేకు వేయగానే ముందుగా బిగుసుకొని, కారు తోక తిప్పును. బరువు తగ్గించినవాడు స్ప్రింగులను, బ్రేకుల నిష్పత్తిని కూడ సరిచేయనిచో పని సగము గాక, పని చెడినట్లే.

మాకు తెలిసిన ఒక యువకుడు ఈ పాఠమును కష్టముగా నేర్చినాడు. ఇంటికున్న ఒకే కారులో వెనుక సీటు, స్టెప్నీ తీయించి, స్నేహితులకు చూపుటకు వాన పడుచున్న సాయంకాలము బయలుదేరినాడు. ఎన్నోమార్లు తిరిగిన మలుపే. అరిగిన వెనుక టైర్లు జారి, కారు రెండు చుట్లు తిరిగి ఎదురుదిశగా నిలిచినది. ఎదుట లారీ రాకపోవుట అదృష్టము. ఆ రాత్రియే అతని నాయనమ్మకు ఆయాసము వచ్చినది. ఆసుపత్రికి తీసికొనిపోవుటకు కారులో ఆమెను పడుకొనబెట్టు సీటు లేదు. పొరుగింటివారి ఆటోలో పోయినారు. మలుపులో పడిన భయము కన్న ఆ రాత్రి పడిన సిగ్గు ఎక్కువయని అతడే మాతో చెప్పినాడు. మరునాడు సీటు మరల బిగించినాడు.

బ్రేకులు, ద్రవములు

బాటపై కారు నడుపువారు ఇంజను కన్న ముందు బ్రేకులను సిద్ధపరచవలెను. బ్రేకు గొట్టములలోని ద్రవము కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 రకము క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును. తేమ చేరిన పిదప 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 రకమునకు ఆ హద్దులు 230, 155 డిగ్రీలు. ద్రవము మరిగి ఆవిరియైన, ఆవిరి నొక్కుకొనిపోవును గనుక, పెడలు నేలకు తగులును గాని కారు ఆగదు. ఘాట్ రోడ్డుపై బ్రేకు మీదనే కాలుంచి దిగువారికి కూడ ఇదే ప్రమాదము. చిన్న గేరులో దిగవలెనను పెద్దల మాటకు శాస్త్రాధారము ఇదియే.

క్రొత్త ద్రవము, మంచి ప్యాడ్లు, అరుగని టైర్లు, సరియైన గాలి పీడనము, చక్రముల అమరిక అనునవి సరిచూచుకొనిన పిదపనే తక్కిన ఖర్చుల గూర్చి ఆలోచింపవలెను. ఈ ఐదింటికి అగు వ్యయము తక్కువ, ఫలితము ఎక్కువ.

చట్టము చెప్పునది

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుట నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ నియమమును దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణ ననుసరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. రాష్ట్ర ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలములలో పందెములు పెట్టుట 189వ సెక్షను క్రింద నేరము. సామాన్య బీమా పాలసీలు పందెములలో జరిగిన నష్టమును భరింపవు.

ఇది యువతను అణచుటకు చేసిన చట్టము కాదు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినారు. ఆ మరణములలో పదింట ఏడు వంతులకు అతివేగము కారణమని ప్రభుత్వ నివేదికయే తెల్పుచున్నది. బాటపై మలుపు వెలుపల మెత్తని ఇసుక, టైర్ల గోడ, వైద్యుడు, అంబులెన్సు ఉందురు. గుట్ట మలుపు వెలుపల లోయయు, కాలినడకన వచ్చు భక్తులును ఉందురు. బాటపై వేగము విద్య. రోడ్డుపై వేగము అపచారము.

కావున మార్గములు రెండు. ఇంటి కారును రోడ్డుకే ఉంచి, దానిని చక్కగా కాపాడుకొనుట మొదటిది. బాట కొరకు వేరొక పాత కారును కేటాయించి, పూర్తిగా మార్చి, లారీపై ఎక్కించి బాటకు చేర్చి, గుర్తింపు పొందిన క్లబ్బుల నియమములకు లోబడి నడుపుట రెండవది. రెంటికి మధ్య నున్న సందు దారిలోనే ప్రమాదములన్నియు జరుగుచున్నవి.

ముగింపు

ఈ సందర్భమున కళాశాల కమిటీ వారికి మూడు మనవులు. భౌతిక శాస్త్ర విద్యార్థులను ఏడాదికొకసారి ధర్మకాంట వద్దకు తీసికొనిపోయి, ఒక కారును తూచి, పై లెక్కలను స్వయముగా చేయించవలెను. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ చదువులకు పోవు మన విద్యార్థులకు బాజా, ఫార్ములా భారత్ వంటి విద్యార్థుల వాహన నిర్మాణ పోటీల వివరములను ముందుగనే తెలియజేయవలెను. అచట బరువు తగ్గించుట నేరము కాదు, పరీక్ష. మూడవది, షెడ్లలో ఉస్తాదులు వాడు ఉర్దూ, తెలుగు యంత్ర పదములను విద్యార్థులచే సేకరింపజేసి చిన్న పదకోశముగా ఈ సంచికలోనే ప్రకటింపవలెను. రెండు భాషల కళాశాలకు ఇంతకన్న తగిన పని మరొకటి ఉండదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! వాహనమునుండి ఏది తీసివేయవలెనో తెలిసికొనుట విద్య. ఏది తీసివేయరాదో తెలిసికొనుట వివేకము. వెనుక సీటు ఇరవై కిలోలే కావచ్చును గాని, దానిపై కూర్చుండువారి బరువు ఏ కాంటాకును అందదు. ఈ సంగతి గుర్తుంచుకొని పానా చేతబట్టిన యువకుడు, రేపు మంచి చోదకుడే గాక మంచి ఇంజనీరు కూడ కాగలడని మా విశ్వాసము.